నివాస వాడల నడుమ ప్రభుత్వ భవనాలు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు

ఒకటి రెండు అంతస్తుల ఇళ్లున్న వాడ పక్కన లక్ష చదరపు అడుగులు దాటిన ప్రభుత్వ కార్యాలయం కట్టాల్సి వస్తే, దాని పరిమాణం, జనం రాకపోకలు, వాన నీరు, చప్పుడు ఆ ఇళ్లకు భారం కాకూడదు. అందుకు పాటించే రూపకల్పన పద్ధతులు, వాటి చరిత్ర, ఉత్తర తెలంగాణలో వాటి తీరు ఈ వ్యాసం విషయం. ఈ ప్రాంతంలో ఆ అవసరం 2016 అక్టోబరు 11న ఒక్కసారిగా ముందుకొచ్చింది. ఆ దసరా రోజున జరిగిన పునర్విభజనలో పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాద్ ఏర్పడ్డాయి. రెండు కలెక్టరేట్లు ఉన్నచోట ఎనిమిది కావలసి వచ్చాయి.

పూర్వరంగం

1905లో జిల్లా కేంద్రం ఎల్గందుల నుంచి కరీంనగర్‌కు మారింది. ఆదిలాబాద్ పూర్తి స్థాయి జిల్లా అయిందీ ఆ ఏడాదే. నిజాం కాలపు కచేరీలు ఇప్పటి లెక్కలో చిన్నవే. మందమైన రాతి గోడలు, డంగు సున్నం, ఎత్తయిన కప్పు, ముందు పొడవైన వరండా, ఆవరణలో వేపచెట్లో చింతచెట్లో. వరండా మీద అర్జీదారు కూర్చునేవాడు, చెట్టు కింద బండి ఆగేది. అధికారి గదికి, వీధికి నడుమ ఎవరైనా నిలబడగలిగిన నీడ జాగా ఒకటి ఉండేది. ఆ జాగాను ఎవరూ ప్రత్యేకంగా రూపకల్పన చేయలేదు. ఎండ వల్ల పుట్టిన అలవాటది.

ఇదే ప్రాంతంలో అధికారానికి మరో కట్టడం ఉండేది. అది దొర గడీ. ఊరి నడిబొడ్డున ఎత్తయిన ప్రహరీ, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల ఏం జరుగుతున్నదో బయటికి కనిపించని గోడలు. గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజులు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు బాగా గుర్తు. దొరల పెత్తనానికి వ్యతిరేకంగా జగిత్యాల జైత్రయాత్ర 1978లో జరిగిన నేల ఇది. కాబట్టి ఈ జిల్లాల్లో ఒక పెద్ద భవనం ఎత్తు గోడ కట్టుకుని వాడకు వీపు తిప్పితే జనం దాన్ని ఉత్త భద్రతా ఏర్పాటుగా చూడరు. ఆర్కిటెక్టులు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కార్యాలయాలు జనానికి దగ్గరయ్యాయి, చిన్నవీ అయ్యాయి. మండల కార్యాలయం కట్టడం ఊళ్లోని పెద్ద ఇంటిని మించేది కాదు, అందువల్ల వాడతో పేచీ రాలేదు. 2016 విభజన దీనికి భిన్నం. జిల్లా దగ్గరైంది, భవనం మాత్రం పెద్దదైంది. మంచిర్యాల మనిషి సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆదిలాబాద్ వెళ్లే బాధ తప్పింది. అందుకు బదులుగా మంచిర్యాల వాకిట్లోకే ఒక మహా భవనం వచ్చింది.

సమీకృత కలెక్టరేట్లు

కొత్త జిల్లాల్లో మొదటి కొన్నేళ్లు కార్యాలయాలు ఇతర శాఖల భవనాల్లోను, కాలనీల్లోని అద్దె ఇళ్లలోను నడిచాయి. పడకగదిలో సెక్షన్, వంటింట్లో రికార్డులు, గేటు ముందు బైకుల వరుస. పక్కింటివాళ్లకు ఇబ్బందే. అయినా ఒక సంగతి ఆ రోజుల్లోనే తేలింది. పాతిక, ముప్ఫై మంది పనిచేసే కార్యాలయాన్ని కాలనీ ఎలాగో ఇముడ్చుకుంటుంది. వాడ మీద బరువు పడేది కార్యాలయాలన్నీ ఒకే కప్పు కిందికి చేరినప్పుడే.

ప్రభుత్వం ఎంచుకున్నది సరిగ్గా అదే పద్ధతి. జిల్లా శాఖలన్నిటినీ ఒకచోట చేర్చే సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం అన్నమాట. నమూనా ఒక్కటే. హైదరాబాద్ ఆర్కిటెక్ట్ ఉషారెడ్డి రూపొందించిన దాన్నే కొద్దిపాటి మార్పులతో జిల్లా తర్వాత జిల్లాలో రోడ్లు, భవనాల శాఖ కట్టింది. గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన రెండంతస్తులు, మొత్తం సుమారు లక్షన్నర చదరపు అడుగులు. సిరిసిల్ల భవనం 2021 జూలై 4న, పెద్దపల్లిది 2022 ఆగస్టు 29న, జగిత్యాలది 2022 డిసెంబరు 7న ప్రారంభమయ్యాయి. 2023 జూన్ ఒక్క నెలలోనే నిర్మల్ (4), మంచిర్యాల (9), ఆసిఫాబాద్ (30) భవనాలు వరుసగా తెరుచుకున్నాయి.

ఒకే కిటికీ దగ్గర అన్ని పనులూ అయిపోతాయన్న వాదనలో బలముంది. రెవెన్యూ సంతకం కోసం ఒక మూలకు, సంక్షేమ శాఖ ముద్ర కోసం ఊరి ఇంకో మూలకు ఆటో కట్టించుకునే బాధ తప్పింది. ఒకే నమూనా వల్ల కట్టడం త్వరగా పూర్తయింది కూడా. అయితే మానేరు ఒడ్డున ఎండకు మండే సిరిసిల్లకూ, చలికాలం వణికించే ఆసిఫాబాద్‌కూ ఒకే నక్షా సరిపోతుందా అన్న ప్రశ్నకు ఆ వేగం జవాబు చెప్పదు.

పొలాల నుంచి వాడలోకి

చాలా జిల్లాల్లో ఈ భవనాలు ఊరి బయటికి వెళ్లాయి. సిరిసిల్లలో రగుడు, పెద్దపల్లిలో పెద్దకల్వల, జగిత్యాలలో ధరూర్ క్యాంపు, నిర్మల్‌లో ఎల్లపెల్లి శివారు. ప్రభుత్వ భూమి అక్కడే దొరుకుతుంది, వాడతో తగవూ ఉండదు. నివాస వాడకు అనువుగా కట్టడమనే సమస్యను ఈ విధంగా దాటేశామన్న ధీమా స్థల నిర్ణయాల్లో కనిపిస్తుంది.

అది ఎక్కువ కాలం నిలవని ధీమా. కలెక్టరేట్ వచ్చిన చోట ముందు వెంచర్ల బోర్డులు లేస్తాయి. తర్వాత జిరాక్స్ దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, అటుపై 200 గజాల ప్లాట్లలో ఇళ్లు. ఉద్యోగులు కార్యాలయానికి దగ్గర్లో ఉండాలనుకోవడం సహజం. పదిహేను, ఇరవై ఏళ్లలో ఎల్లపెల్లి, పెద్దకల్వల దారులు కాలనీలైతే ఆశ్చర్యపడాల్సింది లేదు. మంచిర్యాల భవనం ఉన్న నస్పూర్ మొదటినుంచీ ఖాళీ నేల కాదు, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా కాలనీల పక్కనే ఉంది. 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థ అయినప్పుడు నస్పూర్ అందులో కలిసిపోయింది.

అందుకే ఊరి బయట కట్టేటప్పుడూ రాబోయే వాడను ఊహించే నక్షా గీయాలి. ప్రహరీ ఎక్కడ వెనక్కి తగ్గాలి, రెండో గేటు ఏ వైపు రావచ్చు, మురుగు కాలువ ఎటు పోవాలి అన్నవి ఇళ్లు లేని రోజుల్లో తేలిగ్గా తేల్చుకోవచ్చు. ఇళ్లు లేచాక ఒక్కో అడుగుకూ కోర్టు మెట్లెక్కాలి. కరీంనగర్ చుట్టూ శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. మాస్టర్ ప్లాన్‌లో కలెక్టరేట్ చుట్టుపక్కల భూమి వాడకాన్ని విడిగా పరిశీలించే పని ఇలాంటి సంస్థలదే.

కరీంనగర్ దారి వేరు. అక్కడ కొత్త భవనానికి పాత కలెక్టరేట్ ఆవరణనే ఎంచుకున్నారు. హనుమకొండలోనూ ఊళ్లోని సుబేదారి ప్రాంతంలోనే కట్టారు. కట్టే ఇంజనీర్లకు ఇది తలనొప్పి. జనానికి మాత్రం బస్టాండు, కోర్టు, బజారు అందుబాటులో ఉంటాయి. కష్టమైనా ఈ దారే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పరిమాణం

భవనం చుట్టుపక్కల ఇళ్లను మింగేసినట్టు కనిపించడానికి కారణం ఎత్తని చాలామంది అనుకుంటారు. ఈ కలెక్టరేట్ల విషయంలో అసలు ఇబ్బంది పొడవు. మూడంతస్తుల్లో లక్షన్నర చదరపు అడుగులంటే ఒక్కో అంతస్తు 50,000. 60 అడుగుల వెడల్పుతో ఒకే బారుగా కడితే ముఖం 800 అడుగులు దాటుతుంది. ఎదురు వాడలో 200 గజాల ఇంటి ముఖం 30 అడుగులు. పాతికకు పైగా ఇళ్లకు ఎదురుగా తెగని గోడ ఒక్కటే నిలబడుతుందన్నమాట.

విరుగుడు పాతదే. బారును మడిచి నడుమ ఆవరణలు తీయాలి. ఇక్కడి పాత పెద్దిళ్లలో నట్టనడుమ కప్పులేని వాకిలి, చుట్టూ గదులు ఉండేవి. వెలుతురు, గాలి, ఆడవాళ్ల పనులు అన్నీ ఆ వాకిట్లోనే. అదే పద్ధతిని రెండు మూడు ఆవరణలుగా విస్తరిస్తే కార్యాలయం ముఖం కుదించుకుంటుంది, లోపలి గదులకు పగటి వెలుతురూ అందుతుంది. ఇళ్ల వైపున్న భాగం ఒక అంతస్తుతో ఆగి, పై అంతస్తులు లోపలికి జరిగితే పక్కింటి మేడ మీద బట్టలు ఆరేసేవాళ్లకు ఏ ఆఫీసరు కిటికీ ఎదురు కాదు. ఇళ్ల వైపు కిటికీ అడుగు అంచును నిలబడిన మనిషి కంటి ఎత్తుకు పైన పెట్టడం కూడా ఇలాంటి మర్యాదే.

ఖాళీ స్థలం ఎంత వదలాలో చెప్పే నిబంధనలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో భవనం ఎత్తు, రోడ్డు వెడల్పులను బట్టి ఆ లెక్క కట్టింది. నిబంధన కనీసాన్ని మాత్రమే చెబుతుంది, ఆ ఖాళీలో చెట్టు వేయాలో జనరేటర్ పెట్టాలో చెప్పదు. చాలా ఆవరణల్లో జనరేటర్, సెప్టిక్ ట్యాంకు, స్క్రాపు జీపులు వెనుక వైపు చేరతాయి. వాడ ఇళ్లు ఉండేదీ ఆ వైపే.

ఎండ

కరీంనగర్ 18.4 డిగ్రీల, ఆదిలాబాద్ 19.7 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉన్నాయి. దీనివల్ల ఇక్కడ ఒక విశేషం ఉంది. కరీంనగర్‌లో మే రెండో వారం దాటినప్పటి నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వాలుతాడు. అంటే ఉత్తరపు గోడ ఎప్పుడూ నీడలోనే ఉంటుందన్న సాధారణ సూత్రం ఇక్కడ పూర్తిగా చెల్లదు. అయితే ఆ సూర్యుడు దాదాపు నిట్టనిలువు, రెండడుగుల సజ్జతో ఆపేయవచ్చు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చలికి పేరుపడ్డ ఆదిలాబాద్‌లో ఆ కిరణాలను వరండాలోకి రానిస్తే మేలు.

అసలు శత్రువు పడమర. రామగుండం, మంచిర్యాల, జగిత్యాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. సాయంత్రం నాలుగు గంటల వాలు ఎండను ఏ సజ్జా ఆపలేదు. భవనం పొడవు తూర్పు పడమరలుగా సాగి, పడమటి కొసన మెట్లు, రికార్డు గదులు, మరుగుదొడ్లు పెడితే వేడి అక్కడే ఆగుతుంది. ఒకే నమూనాను రోడ్డు ఎటుంటే అటు తిప్పి కట్టినచోట ఈ లెక్క తప్పుతుంది. అద్దాల ముఖం పడమరకు తిరిగితే ఏసీలు పెరుగుతాయి, వాటి వేడిగాలి పక్క ఇళ్ల మీదికి పోతుంది.

హైదరాబాద్‌లో చార్లెస్ కొరియా 1965–68 మధ్య కట్టిన ఈసీఐఎల్ కార్యాలయం ఇలాంటి ఎండకు మన దగ్గరే దొరికే పాఠం. పైకప్పు మీద నీడనిచ్చే పందిరి, లోపల ఆవరణతో ఆయన యంత్రాల మీద ఆధారాన్ని తగ్గించాడు. భోపాల్ శాసనసభ భవనాన్ని కూడా ఆయన ఒక్క దిబ్బగా నిలపకుండా ఆవరణల గుంపుగా అల్లాడు.

వాన నీరు

సిరిసిల్ల కలెక్టరేట్ తెరిచిన ఏడాదే, 2021 వానల్లో, ఆవరణలోకి వరద నీరు చేరింది. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మంచిర్యాలలో నది దగ్గర కట్టిన మాతాశిశు ఆసుపత్రి మునిగి, రోగులను వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. రెండూ ప్రభుత్వ భవనాలే. చవకగా దొరికిన ప్రభుత్వ భూమి చాలాసార్లు పల్లపు భూమి, చెరువు దిగువ నేల, లేదా వాగు ఒడ్డు అయి ఉంటుంది. స్థలం ఎంపికలోనే సగం రూపకల్పన అయిపోతుంది.

భవనంలోకి నీరు రావడం ఒక ఎత్తు, భవనం నుంచి వాడలోకి పోయేది ఇంకో ఎత్తు. 50,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక రోజు 10 సెంటీమీటర్ల వాన పడితే 4.6 లక్షల లీటర్లు దిగుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు తొంభైకి పైనే. పార్కింగ్ కోసం పరిచిన సిమెంటు దీనికి అదనం. నేల ఎత్తు పెంచి, ఆవరణంతా సిమెంటు చేస్తే ఆ నీరంతా కింది గల్లీల్లోకే. ఇంకుడు కుంట, తగ్గు నేలలో పచ్చిక, పేవర్ల మధ్య సందులు ఖర్చు తక్కువ పనులు. ఇక్కడివాళ్లకు చెరువు తూము సంగతి ఒకరు నేర్పాల్సిన పనిలేదు.

సోమవారం

కలెక్టరేట్ రూపకల్పనకు నిజమైన పరీక్ష సోమవారం, జనం నుంచి అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు. పొద్దున్నే మొదటి బస్సులో బయలుదేరిన రైతు పాలిథిన్ కవర్లో పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ కార్డు పెట్టుకుని వస్తాడు. గేటు బయట దరఖాస్తు రాసిచ్చే మనిషి కోసం చూస్తాడు. అతను స్టూలు, అట్ట, కార్బన్ కాగితంతో చెట్టు కింద ఉంటాడు. చెట్టు లేకపోతే పక్కింటి అరుగు మీద ఉంటాడు. ఆ అరుగు ఇంటామెకు సోమవారమంటే తలనొప్పి. టోకెన్, వరుస, నీళ్లు, మరుగుదొడ్డి, మధ్యాహ్నం సద్ది తినడానికి నీడ, సాయంత్రం బస్సు, ఇంతే ఆ రోజు పట్టిక. వీటిలో భవనం ఏది ఇవ్వకపోతే అది వాడ మీద పడుతుంది.

కాబట్టి ప్రజావాణి హాలు గేటుకు దగ్గరగా, నేల మట్టంలో ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినా ర్యాంపు చాలాచోట్ల మెట్ల పక్కన తర్వాత అతికించినట్టే ఉంటుంది. గేటుకూ హాలుకూ మధ్య కప్పున్న నడవ, కూర్చోవడానికి గద్దెలు, దరఖాస్తు రాసేవాళ్లకు, జిరాక్సుకు, చాయ్‌కి ప్రహరీలోనే చిన్న గూళ్లలాంటి దుకాణాలు కడితే రోడ్డు ఖాళీ అవుతుంది. ప్రహరీ గోడకు కూడా ఒక పని దొరుకుతుంది. ఆటోలు, బస్సులు పెద్ద రోడ్డు గేటు దగ్గరే ఆగాలి. గల్లీ వైపు కాలినడకకు మాత్రమే సన్న గేటు ఉండాలి. ధర్నాలు కలెక్టరేట్ ముందే జరుగుతాయి, ఇక్కడ అది కాదనలేని హక్కు. గేటు ముందు రోడ్డుకు లోపలిగా కొంత మైదానం వదిలితే ట్రాఫిక్ ఆగదు, పోలీసుకూ ధర్నాకు వచ్చినవాళ్లకూ పేచీ తగ్గుతుంది.

సాయంత్రం ఆరు దాటితే ఇదే ఆవరణ చీకటి. పదుల ఎకరాల నిశ్శబ్దం పక్కన ఒంటరిగా నడవడానికి ఆడపిల్లలు భయపడతారు. భవనం తాళం భవనానికి వేసి, ఆవరణలో కొంత భాగాన్ని నడకదారిగా, పిల్లల ఆటస్థలంగా వాడకు వదిలితే ఆ చీకటి పోతుంది.

రాయి, ఇటుక

నిర్మాణ సామగ్రి విషయంలో ఈ ప్రాంతం సంపన్నమైనది. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు విదేశాలకు ఎగుమతి అవుతుంది. ఆదిలాబాద్ వైపు నల్లరాయి ఉంది. బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. రామగుండం ఎన్టీపీసీ బూడిదతో చేసిన ఇటుకలూ దొరుకుతాయి. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాలు బూడిద ఉత్పత్తులు వాడాలని కేంద్రం 2016లో నిర్దేశించింది. రెండు పాత జిల్లాలూ ఆ పరిధిలోకే వస్తాయి.

నిర్మల్ బొమ్మ ఒకటి, కరీంనగర్ వెండి నగిషీ పని ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి స్థానికత తెచ్చామనడం మాత్రం తేలిక పని. వాడకు దగ్గరయ్యే స్థానికత వరండాలో, రాతి మెట్టులో, చెట్టు చుట్టూ కట్టిన గద్దెలో ఉంటుంది.

ఇతర దేశాల్లో

లండన్ శివారు అక్స్‌బ్రిడ్జ్‌లోని హిల్లింగ్‌డన్ సివిక్ సెంటర్ ఈ విషయానికి ప్రసిద్ధ ఉదాహరణ. 1965లో నాలుగు స్థానిక సంస్థలు కలిసి హిల్లింగ్‌డన్ ఏర్పడితే, అన్ని కార్యాలయాలకూ ఒకే భవనం కావలసి వచ్చింది, మన సమీకృత కలెక్టరేట్ల మాదిరిగానే. ఆర్కిటెక్ట్ ఆండ్రూ డెర్బీషైర్ 1970లలో దాన్ని ఎర్ర ఇటుకతో, ఇళ్ల కప్పుల్లాంటి వాలు పెంకు కప్పులతో, ఎన్నో ముక్కలుగా విరిచి కట్టాడు. జనం భయపడకుండా లోపలికి రావాలన్నది ఆయన ఉద్దేశం. మెచ్చినవారూ ఉన్నారు, అంత పెద్ద కార్యాలయానికి ఇంటి వేషం వేశాడని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. పెంకు వేసినంత మాత్రాన భవనం చిన్నది కాదు కదా.

ఫిన్లాండ్‌లోని సైనాత్సాలో పురపాలక భవనం ఇంతకంటే నేర్పైనది. ఆల్వార్ ఆల్టో 1949లో పోటీ గెలిచి, 1952కు పూర్తి చేశాడు. మూడు వేల జనాభా ఉన్న ఫ్యాక్టరీ ఊరు అది. ఆవరణ చుట్టూ ఎర్ర ఇటుక కట్టడం, అందులో సమావేశ మందిరం, గ్రంథాలయం, వీధి వైపు దుకాణాలు, ఉద్యోగులకు ఇళ్లు. కార్యాలయాలు పెరిగితే దుకాణాల జాగాను వాడుకోవచ్చన్న ఆలోచన నక్షాలోనే ఉంది. 1993లో ఆ పురపాలక సంస్థే పక్క నగరంలో కలిసిపోయింది, భవనం మాత్రం వాడుకలోనే ఉంది. మన దగ్గరా 2016లో 31 అయిన జిల్లాలు 2019లో 33 అయ్యాయి. సరిహద్దులు మారుతూనే ఉంటాయి. భవనం మరో పనికి పనికొచ్చేలా కట్టడం అందుకే అవసరం.

పట్టణంలో మిగిలినవి

కార్యాలయాలు శివారుకు తరలిన ఊళ్లలో పాత జాగాలు మిగిలాయి. వీటిని అమ్మేసే ఆలోచన చేసే ముందు పట్టణ ప్రజల అవసరం చూడాలి. శివారు కలెక్టరేట్‌కు వెళ్లలేని వృద్ధుల పింఛను పనులు, ధ్రువపత్రాలు, దరఖాస్తుల స్వీకరణ ఊళ్లోని చిన్న కార్యాలయంలోనే జరపవచ్చు. కొత్త ఆవరణల విషయంలోనూ ఆలస్యం కాలేదు. గల్లీ గేటు, బస్సు ఆగే చోటు, ఇంకుడు కుంటలు, వెనుక వైపు చెట్ల వరుస కోసం భవనాన్ని కదిలించే పనిలేదు. చుట్టుపక్కల ప్లాట్లకు లేఅవుట్ అనుమతులు ఇవ్వకముందే వీటిని గుర్తించి జాగా వదిలించడం జిల్లా యంత్రాంగం చేతిలో పని.